గుమ్మడికాయల దొంగను యంత్రం పట్టగలదా?

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలివి. డ్యూటీలో ఇయర్‌ఫోన్ పెట్టుకోనివ్వని వాళ్ళ కోసం, నెలాఖరుకి డేటా అయిపోయిన వాళ్ళ కోసం ఎప్పటిలాగే రాసి పెడుతున్నాం. దగ్గులూ, ఏసీ చప్పుడూ తీసేశాం. మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది.)

అల్ వక్రా నుంచి మాట్లాడుతున్నాను. అందరూ భోజనాలు చేశారనుకుంటాను. శుక్రవారం కదా, సగం మంది నిద్రలో ఉంటారు, సగం మంది ఇంటికి వీడియో కాల్‌లో ఉంటారు. మిగిలిన వాళ్ళం మనం మాట్లాడుకుందాం.

ఈ వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. పేరు, ఊరు, కంపెనీ ఏదీ చెప్పను. ఆయన అడిగింది ఇది: "అన్నా, మా రూములో ఎనిమిది మందిమి. ఒకాయన డబ్బులు పోయాయి. ఫోర్‌మన్ వచ్చి, రేపటికల్లా ఎవరూ ఒప్పుకోకపోతే మెషీన్ తెప్పిస్తాం, గొంతు విని ఎవరు తీశారో చెప్పేస్తుంది అన్నాడు. నేను తియ్యలేదన్నా. కానీ ఎవరైనా గట్టిగా అడిగితే నా గొంతు వణుకుతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ మెషీన్ నన్ను పట్టేసుకుంటుందా?"

చాలా మంచి ప్రశ్న. దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఇలాంటి మాట క్యాంపుల్లో తరచూ వింటుంటాం, టీవీలో నార్కో, లై డిటెక్టర్ అని చూస్తుంటాం. అసలు ఈ యంత్రాలు ఏం కొలుస్తాయి, ఏం కొలవలేవు అన్నది ఒకసారి సరిగ్గా తెలుసుకుంటే మంచిదనిపించింది. నేను లాయర్ని కాను, డాక్టర్ని కాను. మీలాగే డ్యూటీ చేసుకునేవాణ్ణి. చదివి తెలుసుకున్నది చెబుతున్నాను.

మొదట మన సామెతతో మొదలెడదాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఇందులో ఎంత తెలివుందో చూడండి. బూడిద గుమ్మడికాయ మీద తెల్లటి పొడి ఉంటుంది. భుజాన వేసుకుని మోస్తే ఆ పొడి అంటుకుంటుంది. ఎవరినీ వేలెత్తి చూపకుండా, ఊరందరి ముందూ ఊరికే ఒక మాట వదిలారు. నోరు ఏమీ ఒప్పుకోలేదు. చెయ్యి మాత్రం తనంతట తనే భుజం మీదికి పోయింది. అంటే మనిషి దాచిన సంగతిని ఒళ్ళు బయటపెట్టింది. ఇప్పుడు ప్రపంచంలో ఉన్న లై డిటెక్టర్ శాస్త్రమంతా ఈ సామెత చుట్టూనే తిరుగుతోందని నేనంటాను.

కానీ ఇంకో సంగతి ఆలోచించండి. ఆ గుంపులో గుమ్మడి పాదులు పెట్టే రైతు ఒకడున్నాడనుకోండి. రోజూ కాయలు మోసేవాడు. వాడి చెయ్యి కూడా భుజం మీదికి పోతుందా పోదా? పోతుంది. వాడు దొంగా? కాదు. పాపం, వాడికి ఆ పొడి సంగతి తెలుసు, అంతే. ఈ రైతును గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వాడి దగ్గరికి వస్తాం.

పల్లెటూళ్ళలో అంజనం వేయడం మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. తమలపాకు మీదో, బొటనవేలి గోరు మీదో కాటుకలాంటిది పూసి, ఒక పిల్లాడిని కూర్చోబెట్టి, అందులో దొంగ మొహం కనిపిస్తోందా అని అడిగేవారు. కొన్నిచోట్ల అనుమానం ఉన్నవాళ్ళందరి చేత పొడి బియ్యం నమిలించేవారు. దొంగకి భయంతో నోరెండిపోతుంది, బియ్యం పొడిగానే ఉమ్ముతాడు అని లెక్క. భయపడితే లాలాజలం తగ్గుతుంది, ఆ మాట నిజమే. అంజనం వేయిస్తున్నాం అని చాటింపు వేస్తే చాలు, తెల్లారేసరికి పోయిన చెంబు గుమ్మంలో ఉండేదని పెద్దలు చెబుతారు. అక్కడ పనిచేసింది అంజనమా, దాని మీద ఉన్న భయమా? ఈ ప్రశ్న కూడా పక్కన పెట్టుకోండి.

ఇక యంత్రం. లై డిటెక్టర్ అని మనం పిలిచేదాని అసలు పేరు పాలిగ్రాఫ్. 1921లో అమెరికాలోని బర్కిలీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ అనే ఆయన తయారుచేశాడు. దాన్ని వాడిన తొలి కేసుల్లో ఒకటి ఏంటో తెలుసా? ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో దొంగతనం! రూముల్లో వస్తువులు పోతున్నాయి, ఎవరు తీస్తున్నారో తెలియదు. అంటే ఆ తమ్ముడి రూము కథే. హాస్టల్ అమ్మాయిల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి యంత్రం తగిలించారు. ఒకమ్మాయి దగ్గర గీత బాగా కదిలింది, ఆ పిల్ల కోపంతో లేచిపోయింది, తర్వాత ఒప్పుకుంది. పేపర్లన్నీ రాశాయి. అక్కణ్ణుంచి ఈ యంత్రం అమెరికా అంతా పాకింది. చిత్రమేమిటంటే, చివరికి ఆ లార్సనే తన యంత్రాన్ని పోలీసులు వాడుతున్న తీరు చూసి విసిగిపోయాడు.

యంత్రం చేసేది ఇదీ. ఛాతీకి, పొట్టకి పట్టీలు కట్టి ఊపిరి చూస్తారు. చేతికి బీపీ పట్టీ. వేళ్ళకి రెండు చిన్న రేకులు. వేళ్ళ మీద చెమట కొంచెం పెరిగినా కరెంటు ఇంకాస్త తేలిగ్గా పారుతుంది, దాన్ని గీత గీస్తుంది. అంతే. ఇందులో "అబద్ధం" కొలిచే మీటరు ఎక్కడా లేదు. గుండె, ఊపిరి, చెమట. ఎండలో పదంతస్తుల మెట్లు ఎక్కినా ఇవి మారతాయి. అమ్మకి ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చినా మారతాయి. "నువ్వే తీశావా" అని ఎవరైనా కళ్ళలోకి చూసి అడిగితే, తీసినవాడికీ మారతాయి, తియ్యనివాడికీ మారతాయి. 2003లో అమెరికా జాతీయ పరిశోధన మండలి ఈ విషయం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఉద్యోగుల్ని జల్లెడ పట్టడానికి పాలిగ్రాఫ్ మీద ఆధారపడితే ప్రమాదం, దాని వెనక శాస్త్రం బలహీనంగా ఉంది అని అందులో తేల్చారు. అంతకుముందే, 1988లో, అక్కడ చాలావరకు ప్రైవేటు యజమానులు తమ పనివాళ్ళకి ఈ పరీక్ష పెట్టకూడదని చట్టం వచ్చింది. కొన్ని మినహాయింపులున్నాయి గానీ మామూలు కంపెనీలకి కుదరదు.

ఇప్పుడు అసలు తెలివైన సంగతికి వద్దాం. డేవిడ్ లిక్కెన్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1959లో ఆయన ఒక మాటన్నాడు. అబద్ధాన్ని పట్టుకోవడం కుదరని పని, కానీ "తెలిసిన సంగతిని" పట్టుకోవచ్చు అని. నువ్వు చేశావా అని అడగొద్దు. చేసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని చిన్న చిన్న వివరాలు తీసుకుని, వాటిని వేరే నాలుగు ఉత్తుత్తి వివరాల మధ్య కలిపి అడుగు అన్నాడు.

మన క్యాంపు భాషలో చెబుతాను. ఒకాయన బంగారు గొలుసు పోయింది. ఆ గొలుసు ఎక్కడ దాచాడో ఆయనకీ, తీసినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు. బియ్యం బస్తాలో దాచాడు అనుకుందాం. ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి వేళ్ళకి రేకులు తగిలించి, తాపీగా అడుగుతారు: గొలుసు ఎక్కడుంది? పరుపు కిందా? షూ లోపలా? బియ్యం బస్తాలోనా? సూట్‌కేసు జిప్పులోనా? సబ్బు పెట్టెలోనా? తియ్యనివాడికి ఈ ఐదూ ఒకటే. భయం ఉంటే ఐదింటికీ ఉంటుంది. గొంతు వణికితే ఐదింటికీ వణుకుతుంది. తీసినవాడికి మాత్రం బియ్యం బస్తా అనగానే లోపల ఏదో చిన్నగా ఆగుతుంది. చెమట కొంచెం పెరుగుతుంది, ఊపిరి కాస్త నెమ్మదిస్తుంది, గుండె కూడా ఒక్క క్షణం నెమ్మదిస్తుంది. అవును, వేగం పెరగదు, తగ్గుతుంది. జనం మధ్యలో మన పేరు ఎవరైనా పిలిస్తే చెవులు రిక్కించి ఆగిపోతాం చూడండి, అలాంటిదే.

ఒక్క ప్రశ్న అయితే అమాయకుడు కూడా పొరపాటున ఆ సమాధానం దగ్గర కదలొచ్చు. ఐదింట ఒక వంతు అవకాశం ఉంది. అందుకే ఇలాంటివి ఆరు ప్రశ్నలు అడుగుతారు. గొలుసు ఏ రంగు గుడ్డలో చుట్టి ఉంది, దాంతోపాటు ఇంకేముంది, ఇలా. ఆరింటికి ఆరూ ఒక అమాయకుడికి కాకతాళీయంగా సరిపోవాలంటే అవకాశం 15,625లో ఒకటి. లిక్కెన్ చేసిన ఆ మొదటి ప్రయోగంలో, ఏమీ తెలియనివాళ్ళలో ఒక్కరిని కూడా దొంగగా తేల్చలేదు. జపాన్ పోలీసులు ఎన్నో ఏళ్ళుగా ఈ పద్ధతే వాడుతున్నారు, ఏడాదికి సుమారు 5,000 పరీక్షలు చేస్తారని లెక్క. మిగతా దేశాల్లో మాత్రం దీన్ని పెద్దగా వాడరు.

ఎందుకు వాడరు? ఇక్కడే మన గుమ్మడి రైతు మళ్ళీ వస్తాడు. ఈ పరీక్ష నిలబడాలంటే ఆ వివరం ఎవరికీ తెలియకూడదు. క్యాంపులో అది కుదిరే పనేనా చెప్పండి. గొలుసు పోయిన అరగంటకి ఆయనే వచ్చి "బియ్యం బస్తాలో పెట్టానురా, ఎవడికి తెలిసిందో" అని నెత్తి కొట్టుకుంటాడు. మెస్సులో అదే మాట. బస్సులో అదే మాట. రాత్రికి వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా ఉంటుంది. తెల్లారేసరికి క్యాంపులో ప్రతివాడి భుజానా పొడి ఉన్నట్టే. ఇక మీరు ఎన్ని రేకులు తగిలించినా, బియ్యం బస్తా అనగానే అందరికీ కదులుతుంది.

మన దగ్గర పెద్ద కేసుల్లోనూ జరిగేది ఇదే. 2019 మార్చి 15న పులివెందులలో వై.ఎస్. వివేకానందరెడ్డి గారి హత్య జరిగింది. మొదట గుండెపోటు అని ప్రచారం, తర్వాత గొడ్డలి, ఆ తర్వాత రక్తం కడిగేశారన్న మాట. సాయంత్రానికి రెండు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లో ప్రతివాడికీ ఆ బెడ్‌రూం, బాత్‌రూం వివరాలు నోటికొచ్చు. ఇక్కడ అల్ వక్రాలో మనం కూడా ఫోన్లో చూశాం. ఆ కేసులో కొందరికి కోర్టు అనుమతితో నార్కో పరీక్షలు చేయించారు. ఆ కేసులో ఎవరు దోషి అన్నది నా పని కాదు, నేను అనేది ఒక్కటే. చేసినవాడికే తెలిసిన వివరం అనేది టీవీ ఛానళ్ళు మిగిల్చితేనే కదా, దాన్ని పట్టుకుని ఎవరినైనా పరీక్షించగలిగేది!

మెదడుకి వైర్లు తగిలించే పరీక్ష కూడా ఉంది. బ్రెయిన్ మ్యాపింగ్ అంటారు. తెలిసిన బొమ్మ కనిపిస్తే సుమారు సెకనులో మూడో వంతు సమయానికి మెదడులో ఒక అల లేస్తుంది, దాన్ని చూస్తారు. మన దేశంలో దీన్నే కొంచెం మార్చి వాడారు. 2008లో పుణెలో ఒక హత్య కేసులో ఆ పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని జీవిత ఖైదు వేస్తే ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. యంత్రం మారినా, వైరు మారినా మెలిక అదే. ఆ సంగతి నీకు తెలుసా అన్నది చెప్పగలదు, ఎలా తెలిసిందన్నది చెప్పలేదు.

సరే, తమ్ముడు అడిగింది గొంతు గురించి. గొంతు యంత్రాలు 1970ల నుంచీ ఉన్నాయి. మాట్లాడేటప్పుడు గొంతు కండరాల్లో చెవికి వినపడని సన్నని వణుకు ఉంటుందని, ఒత్తిడిలో అది మారుతుందని, కంప్యూటర్ దాన్ని పట్టేస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. పట్టీలు అక్కర్లేదు, రేకులు అక్కర్లేదు, ఫోన్లో మాట్లాడితే చాలు. చవక, తేలిక. అందుకే అందరికీ ఇష్టం.

పనిచేస్తుందా? అమెరికా న్యాయశాఖ సొమ్ముతో ఒక్లహోమాలో ఒక జైల్లో పరిశోధన చేశారు, 2007లో బయటికొచ్చింది. కొత్తగా పట్టుబడి వచ్చిన 300 మందికి పైగా మనుషుల్ని ఈ మధ్య మత్తుమందు వాడారా అని అడిగారు. గొంతు రెండు రకాల యంత్రాలతో పరీక్షించారు. ఆ తర్వాత మూత్రం పరీక్ష. మూత్రం అబద్ధమాడదు కదా. అబద్ధమాడిన వాళ్ళలో యంత్రాలు పట్టింది సగటున 100కి 15 మందిని. బొమ్మా బొరుసూ వేసుకున్నా 50 మందిని పట్టుకోవచ్చు!

కానీ అదే పరిశోధనలో ఇంకోటి బయటపడింది, నాకు అన్నిటికంటే నచ్చింది. అంతకుముందు యంత్రం లేకుండా అడిగినప్పుడు 100కి 40 మంది అబద్ధమాడారు. యంత్రం ఉందని తెలిసినప్పుడు 14 మందే ఆడారు. చూశారా? యంత్రం పట్టలేదు, యంత్రం మీద భయం పట్టింది. అది అంజనమే అన్నా, ఇంకేం కాదు. గుమ్మంలో చెంబు దొరికింది అంజనం వల్ల కాదు, చాటింపు వల్ల.

ఇంగ్లండ్‌లో కూడా 2007లో ప్రభుత్వ సాయం తీసుకునే పేదల ఫోన్ కాల్స్ మీద దీన్ని ప్రయోగించారు, లండన్ హారోలో మొదలైంది. 2010కల్లా లాభం లేదని వదిలేశారు. పేదవాళ్ళ మీదే ముందు ప్రయోగిస్తారు, అది వేరే కథ.

ఇక మన గొంతుల సంగతి. మనం తెలుగులో ఆలోచించి, వచ్చీరాని హిందీలో, ముక్కలు ముక్కల ఇంగ్లీషులో, నాలుగు అరబ్బీ పదాలు కలిపి జవాబు చెబుతాం. మాట కోసం వెతుక్కుంటాం. తడబడతాం. రాత్రి షిఫ్టు చేసి, నిద్రలేక, ఎదురుగా నలుగురు నిలబడి అడుగుతుంటే గొంతు ఎవరిది సరిగ్గా ఉంటుంది? తమ్ముడూ, నీ గొంతు వణకడం దొంగతనానికి సాక్ష్యం కాదు. ప్రపంచంలో ఏ యంత్రమూ ఆ వణుకులోంచి దొంగతనాన్ని విడదీసి చూపలేదు. ఫోన్లో లై డిటెక్టర్ అని వేలిముద్ర పెట్టమనే యాప్‌లుంటాయి చూడు, అవి స్నేహితుల్ని ఆటపట్టించడానికి చేసిన బొమ్మలు. వాటిని చూసి కూడా భయపడినవాళ్ళు నాకు తెలుసు.

ఒక చిన్న లెక్క చెబుతాను, ఈ ఎపిసోడ్‌లో ఇదొక్కటి గుర్తున్నా చాలు. ఒక క్యాంపులో 100 మంది ఉన్నారు. దొంగ ఒక్కడే. 100కి 90 సార్లు సరిగ్గా చెప్పే అద్భుతమైన యంత్రం తెచ్చారనుకుందాం. అంత మంచిది లేదు, మాటకి అనుకుందాం. దొంగని దాదాపు పట్టేస్తుంది. కానీ మిగిలిన 99 మందిలో పదో వంతు, అంటే 10 మందిని తప్పుగా పడుతుంది. మొత్తం 11 మంది వరుసలో నిలబడతారు. అందులో 10 మంది ఏ పాపం తెలియనివాళ్ళు. ఆ పది మందిలో వీసా ఎవరిది పోతుంది? ఎక్కువ భయపడినవాడిది, భాష రానివాడిది, వెనక ఎవరూ లేనివాడిది.

ఇండియాలో చట్టం ఏమంటుందో చెప్పి, తర్వాత ఇక్కడి సంగతికి వస్తాను. 2010 మే 5న సుప్రీం కోర్టు సెల్వి కేసులో తీర్పు ఇచ్చింది. నార్కో గానీ, పాలిగ్రాఫ్ గానీ, బ్రెయిన్ మ్యాపింగ్ గానీ మనిషి ఇష్టం లేకుండా చెయ్యకూడదు. తన మీద తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణంలో ఉంది, అది ఒంటికీ మెదడుకీ కూడా వర్తిస్తుంది అన్నారు. ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు మేజిస్ట్రేటు ముందు నమోదు కావాలి, లాయరు అందుబాటులో ఉండాలి. అలా ఒప్పుకుని చేసినా ఆ ఫలితమే సాక్ష్యం కాదు. దాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ వస్తువు వరకు చూస్తారు. 2025 జూన్‌లో బీహార్ కేసులో సుప్రీం కోర్టు మళ్ళీ అదే గట్టిగా చెప్పింది, బలవంతపు నార్కో చెల్లదని.

ఆ 2010 తీర్పుకి ముందు ఏం జరిగేదో హైదరాబాద్ పాతబస్తీ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మీలో చాలామంది ఇక్కడే డ్రైవర్లుగా, సేల్స్‌లో ఉన్నారు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పాతబస్తీ కుర్రాళ్ళని పట్టుకెళ్ళారు, కొందరిని బెంగళూరు తీసుకెళ్ళి నార్కో పరీక్షలు చేశారు. ఇంజెక్షన్ ఇచ్చి సగం మత్తులో ప్రశ్నలు అడగడం. తర్వాత కోర్టులో వాళ్ళ మీద కేసులు నిలవలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే పరిహారం ప్రకటించి, మంచి నడవడిక పత్రాలు ఇచ్చింది. మత్తుమందు ఇస్తే మనిషి నిజం చెబుతాడన్నది సినిమా మాట. మత్తులో ఉన్నవాడు అడిగినవాడి మాటల్ని తిరిగి అప్పజెబుతాడు కూడా.

ఆ చివరి ముక్క ముఖ్యం. తెలిసిన సంగతి ఒక్కోసారి అడిగేవాళ్ళ దగ్గర్నుంచే మనలోకి వస్తుంది. పది గంటలపాటు "బియ్యం బస్తాలోంచి తీశావు కదా, తెల్లగుడ్డలో ఉంది కదా" అని అడుగుతూ కూర్చుంటే, పదకొండో గంటకి ఆ బస్తా, ఆ గుడ్డ మీకు కూడా కంఠతా వస్తాయి. అప్పుడు అలిసిపోయి అవునన్నారంటే, "చూశారా, దొంగకి తప్ప తెలియని వివరాలు చెప్పాడు" అంటారు.

2007 డిసెంబరు 27న విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆయేషా మీరా హత్య జరిగింది. మన రాష్ట్రాన్ని కుదిపేసిన కేసు. 2008 ఆగస్టులో సత్యంబాబు అనే యువకుణ్ణి పట్టుకున్నారు, నేరం ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. 2010లో విజయవాడ కోర్టు జీవిత ఖైదు వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు ఆ తీర్పు కొట్టేసి, అతన్ని విడుదల చేసి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదిన్నరేళ్ళు లోపల ఉన్నాడు. జైల్లో ఉండగా నరాల జబ్బు వచ్చి చక్రాల కుర్చీలో తిరిగిన మనిషి. ఆ అమ్మాయి తల్లి మొదట్నుంచీ అతను కాదనే అంటూ వచ్చింది. ఇక్కడ యంత్రం కథ కాదు, ఒప్పుకోలు కథ. కానీ యంత్రం చూపించి భయపెట్టేది కూడా చివరికి ఒప్పుకోలు కోసమే కదా. మన దేశంలో పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని చట్టం ఊరికే పెట్టలేదు.

ఇప్పుడు ఖతర్. ఇక్కడి రాజ్యాంగం 39వ అధికరణం, నేరం కోర్టులో రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషే అంటుంది. 36వ అధికరణం హింసించడాన్ని నేరమంటుంది. ఇవి మనకీ వర్తిస్తాయి, ఖతరీలకే కాదు. దొంగతనం మీద దర్యాప్తు చేసేది పోలీసులు, ఆ తర్వాత ప్రాసిక్యూషన్. ఫోర్‌మన్ కాదు, క్యాంపు బాస్ కాదు. కంపెనీ తన లోపల విచారణ చేసుకోవచ్చు. కానీ కార్మిక చట్టం ప్రకారం, 2004 నాటి 14వ నంబరు చట్టం, పెద్ద శిక్ష ఏదైనా వేసే ముందు నీ మీద ఆరోపణ ఏంటో రాతలో చెప్పాలి, నువ్వు చెప్పేది వినాలి. అనుమానం ఉందని పాస్‌పోర్టు లాక్కుని పెట్టుకోవడం కూడా చట్టం ఒప్పుకోదు.

కాబట్టి తమ్ముడూ, మెషీన్ అన్నప్పుడు గొడవపడకు. మర్యాదగా, "సార్, నేను తియ్యలేదు, కావాలంటే పోలీసులకి కంప్లయింట్ ఇవ్వండి, వాళ్ళు అడిగినవాటికి చెబుతాను" అను. ఆ ఒక్క వాక్యం చాలు. దాన్ని హిందీలో రాసి ఫోన్లో పెట్టుకో, గొంతు వణికితే చూపించు. పదే పదే అడిగితే పదే పదే అదే చెప్పు, కొత్త కథలు కలపకు. ఎవరు తీసుంటారో ఊహించి చెప్పకు, రేపు అది నీకే చుట్టుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో ఆ దొంగతనం గురించి అస్సలు రాయకు. ఫలానా చోట పెట్టాడట, ఇంత పోయిందట అని నువ్వు రాసిన మెసేజే నీకు ఆ సంగతి తెలుసు అనడానికి పనికొస్తుంది.

పోలీస్ స్టేషన్‌కి పిలిస్తే బతాకా తీసుకుని వెళ్ళు, వెళ్ళే ముందు ఎక్కడికి వెళ్తున్నావో రూములో ఒకరికి, ఇంట్లో ఒకరికి చెప్పు. అక్కడ కాగితాలన్నీ అరబ్బీలో ఉంటాయి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకు. వేలిముద్రా అంతే. అనువాదం చేసే మనిషి కావాలని అడుగు. మందూబ్ వచ్చాడు కదా, ఆయన చెబుతాడులే అనుకోకు. మందూబ్ కంపెనీ మనిషి, నీ మనిషి కాదు. నిన్ను లోపల ఉంచితే ఇండియన్ ఎంబసీకి తెలియజేయమని అడిగే హక్కు నీకుంది. 1963 నాటి వియన్నా ఒప్పందం అది, రెండు దేశాలూ ఒప్పుకున్నదే. దోహాలో ఎంబసీ ఉంది, దాని కింద పనిచేసే ఇండియన్ కమ్యూనిటీ బెనెవొలెంట్ ఫోరం ఉంది. ఆ నంబర్లు ఇప్పుడే, ఏ గొడవా లేనప్పుడే, ఎంబసీ వెబ్‌సైట్‌లోంచి తీసి ఫోన్లో పెట్టుకోండి. ఫోన్ తీసేసుకోవచ్చు కాబట్టి కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకోండి.

ఇంకో అన్న ఇదే విషయం మీద అడిగాడు: "తప్పు చెయ్యనప్పుడు పరీక్షకి ఒప్పుకుంటే పోయేదేముంది? కాదంటే నన్నే అనుమానిస్తారు కదా?" ఆ మాటలో నిజముంది, అనుమానిస్తారు. రూములో నాలుగు రోజులు మొహాలు మాడ్చుకుంటారు. అది నేను తేలిగ్గా తీసెయ్యను, ఎనిమిది మంది ఒకే రూములో ఉండేవాళ్ళకి ఆ బాధ తెలుసు. కానీ ఆ 11 మంది వరుస లెక్క మళ్ళీ చూసుకో అన్నా. నువ్వు ఆ పది మందిలో ఒకడివి అయితే? అప్పుడు అనుమానం కాదు, "మెషీన్ చెప్పింది" అంటారు. అనుమానం నాలుగు రోజుల్లో పోతుంది. మెషీన్ చెప్పిన మాట నీ వెనకాల ఊరిదాకా వస్తుంది, పెళ్ళి సంబంధాల దాకా వస్తుంది.

నిజంగా ఎవరిదైనా డబ్బు పోతే ఏం చెయ్యాలి అని కూడా అడుగుతారు. పోయినవాడి బాధ చిన్నది కాదు, రెండు నెలల కష్టం. ముందు ఆ సొమ్ము ఎక్కడ పెట్టావో, ఎంతో, ఏ నోట్లో ఎవరికీ చెప్పకు, పోలీసులకి మాత్రం చెప్పు. గుమ్మడికాయ పొడి సంగతి దాచి ఉంచితేనే ఎప్పటికైనా పనికొస్తుంది. క్యాంపు కారిడార్‌లో కెమెరాలు ఉంటే ఆ రికార్డింగ్ చెరిగిపోకముందే అడగండి. జీతం వచ్చిన రోజే ఇంటికి పంపేసేవాళ్ళకి ఈ బాధ సగం తక్కువ.

తమ్ముడికి ఈ ఎపిసోడ్ బయటికి రాకముందే విడిగా ఫోన్ చేసి మాట్లాడాను. మెషీన్ ఇంకా రాలేదన్నాడు. వచ్చే వారం ఎండాకాలం మధ్యాహ్నం పని నిషేధం గంటల గురించి మాట్లాడదాం, మీ సైట్లలో ఎలా అమలవుతోందో వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు చెప్పక్కర్లేదు. ఉంటాను మరి.